తడి గోనె చుట్టిన సీసా

నీళ్ల పులుపు కొలిచే పెన్ను ఏడు చూపించలేదు. ఆరు పాయింట్ ఎనిమిది చూపించింది. ఏసమ్మ దాన్ని పైకి తీసి, మొనని మంచినీళ్లతో కడిగి, మెత్తటి కాగితంతో అద్ది, మళ్లీ ఏడో నంబరు ద్రావణంలో ముంచింది. ఆరు పాయింట్ తొమ్మిది. కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, చిన్న స్క్రూడ్రైవరుతో వెనకాల ఉన్న మరని పావుచుట్టు తిప్పింది. అంకె కాసేపు అటూ ఇటూ ఊగి ఏడు మీద నిలబడింది.

"అలాగుండు," అంది ఏసమ్మ పెన్నుతో.

ఏడుని ఏడని ఒప్పించడంతో రోజూ ఆమె పని మొదలవుతుంది. ఆ తర్వాత నాలుగో నంబరు ద్రావణం, ఆ తర్వాత పదో నంబరు. ఈ మూడూ సరిగ్గా చూపించాకే చెరువుల నీళ్లు ముట్టుకుంటుంది. పెన్ను తన చేతికి వచ్చాక ఒక్కరోజు కూడా ఇది మానలేదు. ఇలా చెయ్యాలని షాపు యజమాని దేవేంద్రకి తెలీదు. తెలిసినా, పెన్ను కొన్నప్పుడే సరిగ్గా ఉండి ఉంటుంది గదా, మళ్లీ దీనికి రోజూ పాఠం చెప్పడమేమిటి అనే రకం ఆయన.

నౌపడ పోయే రోడ్డు మీద ఉన్న రొయ్యల మందుల షాపు అది. ముందు గదిలో మందుల డబ్బాలు, మేత బస్తాలు, గోడవారగా నడుమెత్తు పేర్చిన సున్నం బస్తాలు. వెనక గది ల్యాబు. బయట బోర్డు మీద 'నీటి పరీక్ష ఉచితం' అని ఎర్రక్షరాలు. పరీక్ష ఉచితమే. పరీక్షలో ఏదో ఒక లోటు తేలకుండా మాత్రం ఏ రైతూ ఆ గుమ్మం దాటి వెళ్లడు. ల్యాబు గోడకి పృథ్వీరాజ్ అనే కుర్రవాడి బి.ఎస్సీ. పట్టా ఫ్రేము కట్టి వేలాడుతుంటుంది. పృథ్వీరాజ్ భీమవరంలో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయి పద్నాలుగు నెలలైంది. అతని రబ్బరు స్టాంపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. నీళ్లు పరీక్షించేది ఏసమ్మ, చీటీ రాసేది ఏసమ్మ, చీటీ కింద పడే ముద్ర పృథ్వీరాజ్‌ది.

ఆమె ఇక్కడ చేరింది సీసాలు కడగడానికి. చదువు ఏడో తరగతి, అదీ మిషన్ బడిలో. పొట్టి మనిషి. ఎండిన కొమ్మల్లాంటి ముంజేతులు. మందుల తడికి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, కుడి బొటనవేలి గోరు మాత్రం ఎన్నాళ్లు తోమినా వదలని ఊదారంగులో ఉండిపోయింది. చీర మీద తొడుక్కునే తెల్లకోటు తనది కాదు. ల్యాబులో మొట్టమొదట పని చేసిన బెన్హర్ వదిలి వెళ్లింది. అతను ఆరడుగుల మనిషి, అందుకని ఆ కోటు జేబులు ఆమెకి మోకాళ్ల దగ్గరికి వస్తాయి. పెన్ను తియ్యాలంటే వంగాలి. రైతులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, అనుకుంటుంది. వాళ్లు నవ్వడం వల్ల ఆమెకి ఏ బాధా లేదు. వినకపోవడం వల్లే కడుపు రగిలిపోతుంది.

వినమని ఆమె చెప్పేది పెద్ద సంగతేమీ కాదు. కిటికీ కింద బల్ల మీద నలభై తెల్లసీసాలు కడిగి, బోర్లించి, ఆరబెట్టి ఉంచుతుంది. ఊరికే పట్టుకుపొమ్మంటుంది. సీసాని చెరువులో మోచేతి లోతున ముంచి, లోపలే నింపి, లోపలే మూత పెట్టాలి. ఒక్క గాలి బుడగ ఉండకూడదు. తడి గోనె చుట్టి గంటలోపల తేవాలి. ఇంతే. ఈ నాలుగు ముక్కలు అట్టముక్క మీద తన గుండ్రటి అక్షరాలతో రాసి బల్లకి అంటించింది కూడా. నలభై సీసాలూ ఎప్పుడూ అక్కడే ఉంటాయి. రైతులు మాత్రం మందు తాగి పారేసిన క్వార్టరు సీసాల్లో, కూల్ డ్రింక్ సీసాల్లో, ఒకాయనైతే టిఫిన్ క్యారేజీ గిన్నెలో తెచ్చాడు. సగం నింపి, బండి డిక్కీలో పడేసి, దారిలో టీ తాగి, చుట్టాన్ని పలకరించి, తీరిగ్గా వస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కూడా ఇంతకన్నా నయం. వాడు కనీసం ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడు.

తొమ్మిదిన్నరకి ఎల్లాజీ వచ్చాడు. భావనపాడు వైపు రెండెకరాల చెరువు కౌలుకి చేస్తున్నాడు. ముప్పయ్యైదేళ్లుంటాయి. కిందటి పంట తెల్లమచ్చ తెగులు వచ్చి మూడురోజుల్లో పోయింది. ఇది ఆ తర్వాత వేసింది. రొయ్యపిల్ల వదిలి డెబ్బై రోజులైంది, ఇంకో నెల బతికితే మనిషి ఒడ్డున పడతాడు. మూడేళ్లుగా వస్తున్నాడు గానీ ఏసమ్మ పేరు అతనికి తెలీదు. అందరిలాగే సీసాలమ్మ అంటాడు.

"సీసాలమ్మా, ఇదొకపాలి సూడవా. మొన్న వాన పడినకాడ నించి రొయ్య మేత సరిగ్గా తినడం లేదు," అంటూ జేబులోంచి క్వార్టరు సీసా తీశాడు.

సీసాలో నీళ్లు సగమే ఉన్నాయి. పచ్చగా, కాస్త వెచ్చగా. ఏసమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఎప్పుడు పట్టినావు తమ్ముడా ఇది?"

"నిన్న సాయంకాలం. రాతిరి ఈ పక్కకి వద్దామనుకున్నాను, కుదరలేదు. డిక్కీలోనే ఉన్నాది, ఎక్కడికీ పోలేదు."

ఏసమ్మ పెన్ను ముంచింది. ఏడు పాయింట్ మూడు. కడిగి మళ్లీ ముంచింది. అదే. పెన్ను అబద్ధం చెప్పడం లేదని పొద్దున్నే చూసుకుంది. అంకె నిజమే. నీళ్లే అబద్ధం.

"ఇది మీ సెరువు నీరు కాదు," అంది.

ఎల్లాజీ తెల్లబోయాడు. "మా సెరువుది కాక మరెవులిదమ్మా? నా సేతుల్తో ముంచినాను."

"ముంచినప్పుడు సెరువుదే. ఇప్పుడు సీసాది. ఈ పచ్చదనం ఏటనుకున్నావు? పాసి. దానికీ పేణం ఉన్నాది. ఎండలో ఉంటే నీటిలో పులుపుని తినేస్తాది, అంకె పైకెల్తాది. సీకట్లో ఉంటే మనలాగే గాలి వదుల్తాది, నీరు పులుస్తాది, అంకె కిందకి దిగిపోతాది. రాతిరంతా దాన్ని డిక్కీలో పెట్టి మూసినావు. అందికే ఏడు పాయింట్ మూడు. మొన్న వాన పడినా, నిన్నా ఇయాలా కాసిన ఎండకి మీ సెరువులో పాసి ఇరగబడి ఉంటాది. అక్కడ అంకె ఇంత తక్కువ ఉండదు. తొమ్మిది ఉన్నా ఉంటాది."

ముందు గదిలోంచి దేవేంద్ర తల లోపలికి పెట్టాడు. నలభై దాటని మనిషి, నున్నగా గీసిన గడ్డం, చొక్కా జేబులో రెండు ఫోన్లు. "ఎంతొచ్చింది?"

"ఏడు పాయింట్ మూడు బాబూ. కానీ..."

"వాన పడ్డాక దిగిపోద్ది గదా మరి. సున్నం ఏసెయ్యి ఎల్లాజీ. ఎకరాకి పది బస్తాలు. మన ఆటో ఆ పక్కకే ఎల్తన్నాది, పడేసి వస్తాడు."

వాన పడితే సున్నం వెయ్యాలి. ఈ తీరం పొడుగునా రొయ్యలు పెంచే ప్రతి గట్టు మీదా ఉన్న శాసనం ఇదొక్కటే. వాన నీరు పుల్లన, సున్నం దాన్ని విరుస్తుంది, లెక్క సరిపోయింది. మబ్బు పట్టగానే బస్తాలు గట్టెక్కుతాయి. ఆ తర్వాత ఎండ కాసిందా, పాచి పెరిగిందా, అంకె ఎక్కడుందో ఎవరూ చూడరు. వాన పడిందంటే సున్నమే.

"బాబూ, ఈ అంకె నమ్మకండి," అంది ఏసమ్మ. "నాను పెన్ను పట్టుకుని సెరువుకే ఎల్లి సూసొస్తాను. రెండు గంటల పని. అప్పుడు సెప్తాను సున్నం కావాలో వద్దో."

"నువ్వెల్తే ఇక్కడ సీసాలెవులు కడుగుతారు?" దేవేంద్ర నవ్వాడు. కోపంగా కాదు, మామూలుగానే. "ఒకటో రెండో పాయింట్లు అటూ ఇటూ ఉంటే ఏటైపోద్ది? గుడ్డి కన్నా మెల్ల నయం గదా. ఏదో ఒక అంకె ఉన్నాది."

గుడ్డి కన్నా మెల్ల. ఆ మాట ఆయన ఊరికే అన్నాడు, అందరూ అనేదే. ఏసమ్మ మాత్రం పెన్ను బల్ల మీద పెట్టేసింది. చీటీ పుస్తకం ముందుకి లాక్కుంది. 'పి.హెచ్. 7.3' అని రాసింది. దాని కింద, 'సీసాలో రాత్రంతా ఉన్న నీరు. చెరువు గట్టున మళ్లీ చూడాలి. అంతవరకు సున్నం వేయరాదు' అని రాసి, వేయరాదు కింద రెండు గీతలు గీసింది. పృథ్వీరాజ్ ముద్ర వేసింది.

దేవేంద్ర చీటీ తీసుకుని చదివాడు. స్కేలు పెట్టి కింది భాగం నీటుగా చింపేశాడు. పైముక్క ఎల్లాజీకి ఇచ్చాడు. దాని మీద అంకె ఉంది, ముద్ర లేదు. ఎల్లాజీ ముద్ర గురించి అడగలేదు. బస్తాలు మోసే మనిషి కోసం వెతుక్కుంటూ బయటికి పోయాడు.

ఆటో బస్తాలు ఎక్కించుకుని పోయే చప్పుడు ఏసమ్మకి లోపలికి వినిపించింది. ఇరవై బస్తాలు. ఒకటొకటి పడిన చప్పుడూ ఆమె విన్నది. విని పన్నెండు గాజు గొట్టాలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. పదకొండింటికి ఇంకో రైతు వచ్చాడు, ఇంకో సగం సీసా. అతనికీ చెప్పింది. "ఈసారికి సూసెయ్యమ్మా, మల్లొచ్చేటప్పుడు అలాగే తెస్తాను," అన్నాడతను. కిందటిసారి కూడా అదే మాట. తొమ్మిదేళ్ల నుంచి ఈ జిల్లా అంతా మల్లొచ్చేటప్పుడు సీసా నిండా తెస్తానంటోంది.

పన్నెండున్నరకి దేవేంద్ర భోజనానికి ఇంటికి వెళ్లాడు. ఏసమ్మ తన క్యారేజీ తెరిచి, అన్నం వైపు చూసి, మూత పెట్టేసింది. పెన్నుని మెత్తటి గుడ్డలో చుట్టి క్యారేజీ సంచిలో పెట్టుకుంది. ఏడో నంబరు ద్రావణం కూడా చిన్న సీసాలో తీసుకుంది. కోటు విప్పలేదు. షట్టరు సగం దించి రోడ్డు మీదకి వచ్చి, భావనపాడు పోయే షేర్ ఆటో ఎక్కింది. అందులో చేపల బుట్టలతో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. ఆమె కోటు చూసి, "నర్సమ్మా, ఎవులికి బాగులేదు?" అని అడిగారు. "సెరువుకి," అంది ఏసమ్మ. వాళ్లు పకపకా నవ్వారు.

ఉప్పు మళ్ల పక్కనుంచి ఆటో పోతోంది. తెల్లటి ఉప్పు కుప్పల మీద ఎండ పడి కళ్లు నొప్పెడుతున్నాయి. ఏ తెల్లటి కుప్ప చూసినా ఆమెకి ఆదామే గుర్తొస్తాడు.

ఆదాము ఆమె పెనిమిటి. వెల్ల వేసే మనిషి. ఏడేళ్ల కిందట క్రిస్మస్ ముందర చర్చికి సున్నం వేస్తున్నాడు. రాతి సున్నం డ్రమ్ములో పోసి నీళ్లు వంపితే అది కుతకుత ఉడుకుతుంది. కర్రతో కలుపుతుంటే చిమ్మి ఎడమ కంట్లో పడింది. ఏసమ్మ అప్పుడే అన్నం పట్టుకెళ్లింది. చర్చి పంపు పది అడుగుల దూరంలో ఉంది. ఆమె పంపు దగ్గరికి పోలేదు. ల్యాబులో చేరి అప్పటికి రెండేళ్లు. సున్నానికి విరుగుడు పులుపు, పులుపుకి విరుగుడు సున్నం, రెండూ కలిస్తే ఏడు, అని బెన్హర్ నోట విన్నది. అది ఎంత గొప్ప సంగతిలా తోచిందంటే ఆ వారమంతా ఇంట్లో అదే చెప్పింది. మజ్జిగలోకని తెచ్చిన నిమ్మకాయ సంచిలో ఉంది. కొరికి, మొగుడి కంట్లో పిండింది.

శ్రీకాకుళంలో డాక్టరు చూసి, "నీళ్లు పోసుంటే చాలమ్మా. అరగంట సేపు ఉత్త నీళ్లు," అన్నాడు. కన్ను సున్నానికి పోయిందో, నిమ్మకాయకి పోయిందో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆదాము కూడా ఈ ఏడేళ్లలో ఒక్కసారి అడగలేదు. తిట్టినా బాగుండేది. ఒంటికన్నుతో నిచ్చెనలెక్కి వెల్ల వేస్తూనే ఉన్నాడు. అంచులు మాత్రం సరిగ్గా రావడం లేదంటారు పనిచ్చేవాళ్లు.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి ఆమె బెన్హర్ ముందు నిలబడి, "బాబూ, నాకు సగం సెప్పినావు. మిగతాది సెప్పు," అంది. సంగతి తెలిసి ఆ కుర్రవాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ల్యాబు తెరిచి, బల్ల మీద గ్లాసులు పేర్చాడు. ఆసిడ్ చుక్క వేసిన నీళ్లు ఒక గ్లాసు తీసి, పెద్ద గిన్నెలో పోసి, తొమ్మిది గ్లాసుల మంచినీళ్లు కలిపాడు. పెన్ను ముంచితే అంకె ఒకటి పెరిగింది. అందులోంచి ఒక గ్లాసు తీసి మళ్లీ పది గ్లాసులు చేశాడు. ఇంకొకటి పెరిగింది. ఒక్క అంకె అంటే ఒకటి కాదు, పది రెట్లు. రెండంకెలంటే వంద. అలా కలుపుకుంటూ పోతే ఏడు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంకెన్ని నీళ్లు పోసినా దాటలేదు. తర్వాత సున్నపు తేట తీసుకుని అదే పని చేశాడు. అది పై నుంచి దిగి ఏడు దగ్గరే ఆగింది. ఎటు నుంచి వచ్చినా నీళ్లు ఏడు వైపుకే లాగుతాయి, నిదానంగా, ఎవరినీ కాల్చకుండా. పులుపూ సున్నమూ ఎదురుపడితే మాత్రం కొట్టుకుని వేడెక్కుతాయి. ఎంతకెంత పొయ్యాలో తెలీనివాడు విరుగుడు జోలికి పోకూడదు. ఆ సాయంత్రం ఏసమ్మ గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చింది.

చెరువు దగ్గరికి చేరేసరికి రెండు దాటింది. గట్టు మీద ఇద్దరు కూలీలు ముఖాలకి తువ్వాళ్లు కట్టుకుని గాలివాటున సున్నం చల్లుతున్నారు. తూర్పు మూల నీరంతా పాలు విరిగినట్టు తెల్లబడింది. పడమటి సగం ఇంకా చిక్కటి పచ్చగా ఉంది. ఖాళీ బస్తాలు ఏడు లెక్కకి వచ్చాయి. ఎల్లాజీ తాటాకు పాక నీడన నిలబడి ఉన్నాడు. తెల్లకోటు వేసుకుని, క్యారేజీ సంచి పట్టుకుని, గట్టు మీద పడుతూ లేస్తూ వస్తున్న మనిషిని చూసి ఎదురొచ్చాడు.

"ఇదేటి సీసాలమ్మా, ఇంత దూరం?"

ఏసమ్మ గట్టు మీద కూర్చుని, పెన్నుని ఏడో నంబరు ద్రావణంలో ముంచి ఒకసారి చూసుకుంది. ఆటో కుదుపులకి మర కదిలిందేమోనని భయం. కదల్లేదు. సున్నం పడని పడమటి మూలకి నడిచి, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, మోచేతి లోతున పెన్ను పెట్టింది. కోటు అంచులు నీళ్లలో తేలుతున్నాయి.

తొమ్మిది.

"ఇలాగొచ్చి సూడు," అంది. ఎల్లాజీ వంగి చూశాడు. "పొద్దున్న ఏడు పాయింట్ మూడు అన్నావు గదా?" అన్నాడు.

"అది సీసా మాట. ఇది సెరువు మాట. మద్దిన తేడా ఎంత? రెండు కూడా లేదు గదా అంటావు. ఏభై రెట్లు తమ్ముడా. ఏభై రెట్లు. ఈ సెరువులో పులుపు లేదు, ఉన్న సున్నమే ఎక్కువైపోనాది. దానికి నువ్వు ఇంకా సున్నం పోస్తన్నావు. అడుగున డెబ్బై రోజుల మేత మురిగి ఉన్నాది. అందులో అమ్మోనియా ఉంటాది. అంకె తక్కువున్నన్నాళ్లూ అది సల్లగా పడుంటాది. ఇలాగ పైకెక్కితే ఇసం అయిపోద్ది. ఆపించు."

ఎల్లాజీ కూలీల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "దేవేంద్ర గారు ఎయ్యమన్నారు గదమ్మా. ఆరికి తెలీదేటి? వానకి సున్నం అందరం ఏస్తన్నాం. ఆపీమంటే... నాకిదే ఆకరి పంట. ఇదీ పోతే నాను సెన్నైలో తాపీ పనికి పోవాల."

అతని గొంతులో వేడుకోలు తప్ప మొండితనం లేదు. ఏసమ్మకి అది ఇంకా కష్టంగా ఉంది. మొండివాడితో దెబ్బలాడొచ్చు. ఎవరిని నమ్మాలో తెలీక వణికిపోతున్న మనిషికి తన దగ్గర ఏం చూపించగలదు? పట్టా లేదు. తన పేరుతో ముద్ర లేదు. సీసాలు కడిగే మనిషి.

"మా ఇంటాయనకి ఒక కన్ను లేదు," అంది. ఈ మాట ఆమె బయటివాళ్లెవరికీ చెప్పలేదు. "సున్నం పడితే నాను నిమ్మకాయ పిండినాను. నాకు తెలుసు అనుకుని. సగం తెలుసు. నీళ్లు పోసుంటే ఉండేదేమో. ఆ తరవాత మిగతా సగం నేర్సుకున్నాను తమ్ముడా. అందికే ఇంత దూరం వచ్చినాను."

చెరువు మీద గాలి వీచింది. సున్నం పొడి ఇద్దరి మీదా పడింది. ఎల్లాజీ ఆమె చేతిలోని పెన్ను వైపు ఇంకోసారి చూసి, ఒక్కసారిగా చెయ్యెత్తి కేకేశాడు. "ఒరే! ఆపండ్రా! ఆపండి! బస్తాలు దించీండి!"

కూలీలు ఆపారు. తూర్పు మూల ఒడ్డున పది పన్నెండు రొయ్యలు పైకి తేలి, పక్కకి ఒరిగి, తోకలు కొట్టుకుంటున్నాయి. ఏసమ్మ చెప్పినవన్నీ ఎల్లాజీ తల ఊపుతూ విన్నాడు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ వెయ్యాలి. ఇవాళ, రేపు మేత ఆపెయ్యాలి. పైనీరు ఒక జానెడు వదిలేసి కొత్తనీరు పెట్టాలి, నెమ్మదిగా.

"రేప్పొద్దున్న ఏడింటికి నీరు పట్టు. లోపలే మూత పెట్టు, నిండా ఉండాల. నిండు కుండ తొణకదు అంటారే, సీసా కూడా అంతే. తడి గోనె సుట్టి గంటలోపల తీసుకురా. అది సూసి మిగతాది సెప్తాను. సీసాలు నాకాడ నలభై ఉన్నాయి, ఒక్కడు తీసుకెళ్లడు."

సంచిలోంచి ఒక తెల్లసీసా తీసి అతనికి ఇచ్చింది. దాన్ని కూడా కడిగే తెచ్చింది.

షాపుకి తిరిగి వచ్చేసరికి నాలుగున్నర. షట్టరు పూర్తిగా తెరిచి ఉంది. దేవేంద్ర గల్లాపెట్టె వెనక కూర్చుని ఉన్నాడు. ఫోను వచ్చినట్టుంది, మొహం ఎర్రగా ఉంది. మిగిలిన పదమూడు బస్తాలూ ఆటోలో తిరిగొచ్చి గుమ్మం పక్కన పడి ఉన్నాయి.

"పెన్ను తొమ్మిది సూపించింది బాబూ," అంది ఏసమ్మ, ఆయన అడక్కముందే. "ఇంకో పది బస్తాలు పడుంటే..."

"నువ్వు సెప్పింది తప్పని నాను అన్లేదు," అన్నాడు దేవేంద్ర. గొంతు పెంచలేదు. "నువ్వు సెప్పడం తప్పంటన్నాను. రేపీ మాట పది గట్లకి పాకుద్ది. షాపులో పరీచ్చ తప్పంట, సీసాలు కడిగే మనిషి ఎల్లి సరిసేసిందంట అని. ఇంక నీళ్లెవులు తెస్తారు ఇక్కడికి? రేపటి నించి సీసాలు కడుగు సాలు. అంకెలు నాను సూసుకుంటాను. ఆ పెన్ను ఇలాగియ్యి."

ఆమె పెన్ను ఇచ్చింది. "పొద్దున్నే ఏడు సూసుకోవాల బాబూ. ఏడు సరిపోతేనే..."

"సూసుకుంటాను లెమ్మన్నాను గదా."

వెనక గదిలోకి వెళ్లి ఏసమ్మ ఆ రోజు మిగిలిన సీసాలన్నీ కడిగింది. బోర్లించింది. అట్టముక్క ఒక మూల ఊడి వేలాడుతుంటే తడి వేలితో మళ్లీ అదిమింది. ఆమెకి ఏడుపు రాలేదు. వచ్చింది కోపం, అదీ దేవేంద్ర మీద మాత్రమే కాదు. చెప్తే వినని మనుషుల మీద, చెప్పడానికి కాగితం ముక్క కావాలనే లోకం మీద, ఇన్నాళ్లూ ఇంకొకరి ముద్ర కొడుతూ కూర్చున్న తన మీద. ఒకప్పుడు అంకెలు తెలీక సీసాలు కడిగింది. ఇప్పుడు తెలిసి కడగమంటే చేతులు రావు.

కోటు విప్పింది. సున్నం మరకలున్నాయి. పృథ్వీరాజ్ పట్టా పక్కన మేకుకి తగిలించింది. క్యారేజీ సంచి, కళ్లద్దాల పెట్టె తీసుకుంది. ల్యాబు తాళంచెవి గల్లాపెట్టె మీద పెట్టి, "ఎల్లొస్తాను బాబూ," అంది. దేవేంద్ర ఫోనులో ఉన్నాడు. ఆ తాళంచెవి ఆమె రోజూ ఇంటికి తీసుకెళ్లేదని ఆయనకి తర్వాతెప్పుడో తట్టింది.

మర్నాడు ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. ఎల్లాజీ మోటారుసైకిలు షాపు ముందు ఆగింది. సీసా డిక్కీలో పెట్టలేదు. తొడల మధ్య అదిమి పట్టుకుని వచ్చాడు. చుట్టిన గోనె నుంచి నీళ్లు కారి ప్యాంటు తడిసిపోయింది.

"సీసాలమ్మ ఏదండీ?"

దేవేంద్ర వెనక గదిలో బల్ల ముందు నిలబడి పెన్నుని విదిలిస్తున్నాడు. అది ఆరు పాయింట్ ఏడు అంటోంది. దేనిలో ముంచినా తనకి తోచిన అంకె చెప్తోంది.

"రాలేదు. మానేసినట్టుంది."

"అదేటి! సెరువు నిలబడిందండీ. ఒక రెండు వందల రొయ్య సచ్చి ఒడ్డుకొచ్చింది, అంతే. పొద్దున్న మేత ట్రే ఎత్తి సూసినాను, మిగతా రొయ్య సలాకీగా ఎగురుతన్నాది. ఆ మాట ఆవిడికి సెప్దామని... ఇల్లెక్కడ?"

"ఆ చర్చి పక్కెక్కడో. నానెప్పుడూ ఎల్లలేదు."

"పేరేటండీ?"

"ఏసమ్మ."

ఎల్లాజీ ఆ పేరు ఒకసారి నోట్లో అనుకున్నాడు. మూడేళ్లలో ఇదే మొదటిసారి. గోడ మీది గడియారం వైపు చూశాడు. "గంటలోపల సూడాలన్నాదండీ."

"అక్కడ పెట్టెల్లు. సూసి ఫోన్ సేస్తాను," అన్నాడు దేవేంద్ర. ముందు గదిలో ఎవరో పిలిస్తే పెన్ను బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

ఎల్లాజీ సీసాని కిటికీ కింద, బోర్లించిన ముప్పై తొమ్మిది సీసాల పక్కన నిలువుగా పెట్టాడు. జారిన గోనెని సర్ది మళ్లీ చుట్టాడు. బండి చప్పుడు దూరమైంది. ఎనిమిదైంది, ఎనిమిదిన్నర దాటింది, కిటికీలోంచి ఎండ బల్ల మీదకి పాకింది. ఒక్క గాలి బుడగ లేకుండా మూతదాకా నిండిన ఆ సీసా చుట్టూ గోనె అంచుల నుంచి ఆరుతూ వచ్చింది.